కిలోల్లో కనబడని కండ

అండాశయ క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మోతాదును ఒంటి బరువు చూసి లెక్కగడతారు. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, నీరు ఎంత అన్నది మాత్రం తూకం చెప్పదు. చికిత్స ఎలా సాగుతుందన్నది కొంతవరకు ఈ తేడా మీద కూడా ఆధారపడి ఉంటుందని గత ఇరవై ఏళ్ల పరిశోధన చెబుతోంది.

ఇద్దరు మహిళలను ఊహించుకుందాం. ఇద్దరికీ అరవై ఏళ్లు. ఎత్తు ఒకటే, బరువు ఒకటే. ఇద్దరికీ అండాశయ క్యాన్సర్ మూడో దశలో బయటపడింది. ఇద్దరికీ ఒకే మందులు, ఒకే లెక్క ప్రకారం మొదలయ్యాయి. ఒకామె నీరసపడినా ఆరు విడతలూ అనుకున్న తేదీలకే పూర్తిచేసింది. రెండో ఆమెకు రెండో విడతకే ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మూడో విడత వాయిదా పడింది, నాలుగో విడతకు మోతాదు తగ్గించారు. ఇలాంటి తేడాలు కీమో వార్డుల్లో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. కారణాలు అనేకం. జన్యువులు, మూత్రపిండాలు, కాలేయం, ఇతర జబ్బులు అన్నీ అందులో ఉంటాయి. వాటిలో చాలాకాలం ఎవరూ పట్టించుకోని కారణం ఒకటుంది: ఒంట్లో ఉన్న కండ.

ఆలస్యంగా బయటపడే జబ్బు

2022 గ్లోబోకాన్ అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 3.24 లక్షల మంది మహిళలకు కొత్తగా అండాశయ క్యాన్సర్ వస్తోంది. మన దేశంలో ఆ సంఖ్య దాదాపు 47 వేలు. భారతీయ మహిళల క్యాన్సర్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తర్వాతి స్థానం దీనిదే.

కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, పొత్తికడుపులో బరువు, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం దీని తొలి లక్షణాలు. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ నెలలు గడిపేసేవాళ్లే ఎక్కువ. అందుకే చాలామందిలో జబ్బు పొట్టంతా పాకాక, మూడో దశలోనో నాలుగో దశలోనో బయటపడుతుంది. అప్పటికే నెలల తరబడి తిండి సరిగా పడి ఉండదు. అంటే కీమో మొదలయ్యే రోజుకే కండ కరగడం ఎప్పుడో మొదలై ఉంటుంది.

సాధారణంగా ఇచ్చేది రెండు మందుల జోడీ: కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. మూడు వారాలకు ఒకటి చొప్పున ఆరు విడతలు. ముందే ఆపరేషన్ చేయడం కష్టమనిపిస్తే మూడు విడతల కీమో ఇచ్చి, కణితి తగ్గాక ఆపరేషన్ చేసి, తర్వాత మిగిలిన మూడు ఇస్తారు. మందును సరైన మోతాదులో, సరైన సమయానికి, చివరిదాకా ఇవ్వగలగడం ఈ చికిత్సకు ఆయువుపట్టు.

బరువు చేసే మోసం

అండాశయ క్యాన్సర్ ముదిరినప్పుడు చాలామందికి పొట్టలో నీరు చేరుతుంది. ఐదారు లీటర్లు చేరడం అరుదేమీ కాదు. లీటరు నీరంటే ఇంచుమించు కిలో బరువు. చేతులు, తొడలు సన్నబడుతున్నా తూకంలో ముల్లు కదలదు, ఒక్కోసారి పైకి కూడా వెళ్తుంది. చూడటానికి వచ్చిన చుట్టాలు "కాస్త ఒళ్లు చేశావే" అని సంతోషపడతారు. ఆ పెరిగిన బరువు నీటిది, లోపల తగ్గిపోతున్నది కండ. పైగా ఆ నీటిలో ఆల్బుమిన్ వంటి ప్రొటీన్లు ఉంటాయి. ఊపిరి ఆడక నీటిని తీయించుకున్న ప్రతిసారీ ఆ ప్రొటీన్ కూడా ఒంట్లోంచి వెళ్లిపోతుంది.

ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ కూడా ఈ చిక్కును విప్పలేదు. దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. పుణే కేఈఎం ఆసుపత్రి వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన ఆయన సహచరుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! సన్నగా కనిపిస్తూనే కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండే ఈ తీరు భారతీయుల్లో విస్తృతంగా ఉందని యాజ్ఞిక్ పరిశోధనలు చూపించాయి. ఆయన దాన్ని మధుమేహం గురించి చెప్పారు. కీమో గది తలుపు దగ్గర నిలబడిన మన మహిళకూ అది అంతే వర్తిస్తుంది. 55 కిలోల బరువు, సాధారణ బీఎంఐ ఉన్నంత మాత్రాన ఆమెకు సరిపడా కండ ఉందని చెప్పలేం.

మోతాదు లెక్కలో దాగిన కండ

కార్బోప్లాటిన్ ఒంట్లోంచి ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మూత్రపిండాలు చురుగ్గా ఉంటే మందు త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి ఎక్కువ ఇవ్వాలి. మందకొడిగా ఉంటే తక్కువ ఇవ్వాలి. ఈ సంబంధాన్ని 1989లో బ్రిటన్ వైద్యుడు హిలరీ కాల్వర్ట్ బృందం చిన్న సూత్రంగా మార్చింది. రక్తంలో మందు ఎంత గాఢతతో ఎంతసేపు ఉండాలో చెప్పే లక్ష్య సంఖ్యను ఏయూసీ అంటారు. అది సాధారణంగా 5 లేదా 6. మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తద్రవాన్ని వడపోస్తున్నాయో ఆ అంకెకు 25 కలిపి, ఏయూసీతో గుణిస్తే మోతాదు మిల్లీగ్రాముల్లో వస్తుంది.

కాల్వర్ట్ బృందం వడపోతను రేడియోధార్మిక పదార్థంతో నేరుగా కొలిచింది. రోజువారీ వైద్యంలో అది సాధ్యం కాదు కనుక ఆసుపత్రులు రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి అంచనా వేస్తాయి. ఎక్కువగా వాడేది 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ ఇచ్చిన సూత్రం. దాన్ని 249 మంది రోగుల వివరాలతో తయారుచేశారు, వాళ్లలో దాదాపు అందరూ పురుషులే. మహిళలకు ఫలితాన్ని 0.85తో గుణించమన్నారు. అది మహిళలను కొలిచి తేల్చిన అంకె కాదు, అంచనాగా పెట్టినది.

అసలు చిక్కు క్రియాటినిన్‌తోనే. అది కండలో పుట్టే వ్యర్థం. మూత్రపిండాలు బాగా పనిచేస్తే రక్తంలో అది తగ్గుతుంది, నిజమే. కండ తక్కువగా ఉన్నా అది తగ్గుతుంది! రక్తపరీక్ష కాగితంలో 0.5 అని కనిపించినప్పుడు, అది మూత్రపిండాల చురుకుదనమా, కండ కరిగిపోవడమా అన్నది ఆ అంకె చెప్పదు. సూత్రం మాత్రం మూత్రపిండాలు భేషుగ్గా ఉన్నాయని నమ్మి మోతాదు పెంచేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. వయసు 60. పొట్టలో నీరు తీసేస్తే అసలు బరువు 50 కిలోలు. క్రియాటినిన్ 0.5. సూత్రం ప్రకారం వడపోత నిమిషానికి 94 మిల్లీలీటర్లు. ఏయూసీ 5 అయితే మోతాదు సుమారు 597 మిల్లీగ్రాములు. పొట్టలోని 7 లీటర్ల నీటితో కలిపి 57 కిలోలని రాసుకుంటే మోతాదు 663కు చేరుతుంది. ఇప్పుడు నీటిని మినహాయించి 50 కిలోలే తీసుకుని, తక్కువ కండ వల్ల క్రియాటినిన్ మోసం చేస్తుందని గ్రహించి దాన్ని 0.7గా లెక్కిద్దాం. మోతాదు 462. అదే మనిషి, అవే మూత్రపిండాలు, తేడా మాత్రం 200 మిల్లీగ్రాములు.

ఈ తేడాకు మూల్యం ఏమిటి? కార్బోప్లాటిన్ ఎక్కువైతే మొదట దెబ్బతినేది ఎముక మజ్జ. ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. పోనీ ఎక్కువ మందుకు ఎక్కువ మేలైనా జరుగుతుందా అంటే అదీ లేదు. అండాశయ క్యాన్సర్‌లో ఏయూసీ 5 నుంచి 7 దాటాక కణితి తగ్గే అవకాశం పెరగదనీ, దుష్ప్రభావాలు మాత్రం పెరుగుతూ పోతాయనీ 1992లోనే తేలింది.

వైద్యలోకం ఈ ప్రమాదాన్ని గుర్తించి కొన్ని కంచెలు వేసుకుంది. లెక్కలో వడపోతను 125 మిల్లీలీటర్లకు మించి తీసుకోవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో సూచించింది. క్రియాటినిన్ మరీ తక్కువగా ఉంటే 0.7గా పరిగణించాలన్న పద్ధతిని గైనకాలజిక్ ఆంకాలజీ గ్రూప్ అనుసరించింది. ఇవి మంచి కంచెలే. అయితే ఇవన్నీ కండను కొలవకుండా, దాని లోటును ఊహించి వేసినవి.

లావుగా ఉన్నవారికి ఎదురయ్యే అన్యాయం

రెండో మందు పాక్లిటాక్సెల్ మోతాదును శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. మూడు వారాలకోసారి ఇచ్చే పద్ధతిలో చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాములు. ఎత్తు, బరువు తెలిస్తే వైశాల్యం వచ్చేస్తుంది. ఈ లెక్కకు మూలమైన సూత్రాన్ని 1916లో డ్యూబోయ్‌లు తొమ్మిది మంది శరీరాలను కొలిచి తయారుచేశారు. అందులోనూ కండకు, కొవ్వుకు విడివిడి స్థానం లేదు.

స్థూలకాయం ఉన్న మహిళ వైశాల్యం ఎక్కువ కాబట్టి మోతాదూ ఎక్కువ వస్తుంది. "ఇంత మందు తట్టుకోగలదా" అన్న భయంతో చాలాచోట్ల దాన్ని తగ్గించి ఇచ్చేవారు. అమెరికాలోని కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల్లో చికిత్స పొందిన 806 మంది అండాశయ క్యాన్సర్ మహిళల వివరాలను ఎలీసా బందేరా బృందం పరిశీలించి 2015లో ప్రచురించింది. స్థూలకాయులకు కిలో బరువు లెక్కన అందిన మందు చాలా తక్కువని అందులో తేలింది. అనుకున్న మోతాదులో 70 శాతం కన్నా తక్కువ అందినవారికి మరణం ముప్పు ఎక్కువగా ఉంది. కారణం లేకుండా మోతాదు కోయవద్దని, అసలు బరువు ప్రకారమే ఇవ్వాలని అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2012లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2021లో వాటిని నవీకరించింది.

ఇక్కడ మరో మెలిక ఉంది. లావుగా ఉన్నవారిలో కండ బాగా ఉన్నవారూ ఉంటారు, కొవ్వు మాటున కండ కరిగిపోయినవారూ ఉంటారు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో కార్లా ప్రాడో, విక్కీ బారాకోస్ బృందం ఊపిరితిత్తుల, జీర్ణకోశ క్యాన్సర్లున్న 250 మంది స్థూలకాయులను పరిశీలించి 2008లో ఒక కీలక అధ్యయనం ప్రచురించింది. ఆ 250 మందిలో సుమారు 15 శాతం మందికి కండ బాగా తక్కువ. మిగతావారితో పోలిస్తే వాళ్లు తక్కువకాలం బతికారు. బయటి లావు లోపలి లోటును పూర్తిగా కప్పేసింది. కాబట్టి సన్నగా ఉన్నామె విషయంలోనైనా, లావుగా ఉన్నామె విషయంలోనైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: కండ ఎంత ఉంది?

జవాబు ఇప్పటికే స్కాన్‌లో ఉంది

దీన్ని కొలవడానికి కొత్త పరీక్షేమీ అక్కర్లేదు. అండాశయ క్యాన్సర్ రోగుల్లో దాదాపు అందరికీ పొట్ట సీటీ స్కాన్ తీస్తారు. నడుము భాగంలో మూడో వెన్నుపూస దగ్గర అడ్డంగా కోసినట్టుండే ఒక్క చిత్రం చాలు. అక్కడ కనిపించే వెన్ను, పొట్ట కండరాల మొత్తం వైశాల్యం ఒళ్లంతటి కండకు నమ్మకమైన సూచిక. ఆ వైశాల్యాన్ని ఎత్తు వర్గంతో భాగిస్తే కండ సూచీ వస్తుంది. సీటీ యంత్రం ప్రతి కణజాలపు సాంద్రతనూ హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తుంది. మైనస్ 29 నుంచి 150 వరకు ఉంటే కండ, అంతకన్నా తక్కువైతే కొవ్వు. సగటు సాంద్రత తగ్గిందంటే కండలోకే కొవ్వు చొరబడిందని అర్థం. ఇప్పుడు కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు ఈ పనిని క్షణాల్లో చేస్తున్నాయి.

అండాశయ క్యాన్సర్‌లో ఈ కొలతలు ఏం చెప్పాయి? నెదర్లాండ్స్‌కు చెందిన రట్టెన్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం ముఖ్యమైనది. ఆపరేషన్‌కు ముందు కీమో తీసుకున్న 123 మంది మహిళల స్కాన్లను వాళ్లు కీమోకు ముందూ తర్వాతా పోల్చి చూశారు. ఆ కొద్ది వారాల్లో కండ కోల్పోయినవారు, నిలబెట్టుకున్నవారి కన్నా తక్కువకాలం జీవించారు. అదే బృందం నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో ఒక్కసారి మాత్రమే కొలిచి చూసినప్పుడు ఆ సంబంధం అంత స్పష్టంగా కనబడలేదు. దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, కండ ఏ దిశగా వెళ్తోందన్నది ఒకరోజు కొలత కన్నా ఎక్కువ చెబుతుంది.

2019లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ, తక్కువ కండ, తక్కువ కండ సాంద్రత రెండూ తక్కువ ఆయుర్దాయంతో ముడిపడి ఉన్నాయని చెప్పింది. ఆధారాల నాణ్యత పరిమితమనీ హెచ్చరించింది. ఆ హెచ్చరికను మనమూ మనసులో ఉంచుకోవాలి. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లలోనే కండ ఎక్కువగా కరుగుతుంది. అప్పుడు ఆయుర్దాయాన్ని తగ్గించింది జబ్బా, కండ లోటా అన్నది విడదీయడం కష్టం. రెండూ కలిసే పనిచేస్తాయన్నది సబబైన అవగాహన.

కండ ఎందుకు కరుగుతుంది?

తిండి తగ్గడం ఒక కారణం మాత్రమే. కణితి చుట్టూ రగిలే వాపు వల్ల ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు రక్తంలోకి వస్తాయి. కండకణాల్లో పాత ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రాంగాన్ని అవి రెచ్చగొడతాయి, కొత్త కండ తయారీని మందగింపజేస్తాయి. ఆకలిని చంపుతాయి. దానికి తోడు కీమో వల్ల వాంతులు, నోటిపూత, రుచి తెలియకపోవడం. పాక్లిటాక్సెల్ వికటించకుండా ముందుగా ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్ కూడా ఎక్కువైతే కండను కరిగిస్తుంది. ఇక మంచం మీదే ఉండిపోతే కాళ్ల కండలు కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. కండ తగ్గితే మందు తట్టుకోవడం కష్టమవుతుంది. తట్టుకోలేకపోతే తిండి, నడక ఇంకా తగ్గుతాయి. ఈ విషవలయాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి.

మందులతో దీన్ని ఆపే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. ఆకలిని అణిచే జీడీఎఫ్-15 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే పాన్‌సెగ్రోమాబ్‌ను ఊపిరితిత్తుల, క్లోమ, పెద్దపేగు క్యాన్సర్ రోగుల మీద పరీక్షించగా బరువు పెరిగిందని 2024లో ప్రకటించారు. ఆ పరీక్షలో అండాశయ క్యాన్సర్ రోగులు లేరు. ఈలోగా మన చేతిలో ఉన్నవి తిండి, కదలిక.

పథ్యం గురించి రెండు మాటలు

మన ఇళ్లలో జబ్బు అనగానే పథ్యం మొదలవుతుంది. గుడ్డు వేడి, పప్పు వాతం, మాంసం అరగదు, పాలు కఫం. చివరికి మిగిలేది జావ, చారన్నం, ఇడ్లీ. ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు. అయితే క్యాన్సర్ ఉన్న ఒంటికి అప్పుడే ప్రొటీన్ అవసరం పెరుగుతుంది. ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు. క్యాన్సర్ రోగులకు కిలోకు ఒక గ్రాముకు పైగా, వీలైతే 1.5 గ్రాముల వరకు ఉండాలని యూరప్ పోషణ నిపుణుల సంఘం ఎస్పెన్ చెబుతోంది. అంటే 50 కిలోల మహిళకు రోజుకు 50 నుంచి 75 గ్రాములు.

గ్లాసు రాగిజావలో వచ్చేది రెండు గ్రాములకు అటూ ఇటూ. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు. 200 మిల్లీలీటర్ల పాలలో, 30 గ్రాముల కందిపప్పులో కూడా ఇంచుమించు అంతే. జావ మానక్కర్లేదు, అందులో పాలు కలపవచ్చు, పక్కన గుడ్డు పెట్టవచ్చు. ఒకేసారి తినలేకపోతే రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా ఇవ్వాలి. కీమో సమయంలో ఇన్ఫెక్షన్ల ముప్పు ఉంటుంది కనుక గుడ్డు, మాంసం పూర్తిగా ఉడకాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, పేగు మూసుకుపోయే లక్షణాలు ఉన్నవారికి నియమాలు వేరు. వాళ్లు డాక్టర్‌ను అడిగే ఏదైనా మొదలుపెట్టాలి.

తిన్న ప్రొటీన్ కండగా మారాలంటే కండకు పని ఉండాలి. అండాశయ క్యాన్సర్ చికిత్స ముగిసిన మహిళలతో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం ఆరు నెలలపాటు నడక కార్యక్రమం నిర్వహించింది. నడిచినవారి జీవన నాణ్యత మెరుగైంది. కీమో వల్ల వచ్చిన కాళ్లూ చేతుల తిమ్మిర్లు తగ్గాయని 2023లో ప్రచురించిన ఫలితాలు చూపాయి. కీమో జరుగుతుండగానే పోషణ, వ్యాయామం అందిస్తే మోతాదు పూర్తిగా ఇవ్వగలుగుతారా అన్నదాన్ని టీల్ అనే మరో పరీక్షలో చూస్తున్నారు. వరండాలో పది నిమిషాల నడక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, నీళ్ల సీసాతో చేతుల వ్యాయామం వంటివి డాక్టర్ సరేనంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. కండ తగ్గడం రోగి తప్పు కాదు. "నువ్వు తినకపోవడం వల్లే ఇలా అయింది" అనే మాట ఏ ఇంట్లోనూ వినబడకూడదు. ఆకలిని చంపుతున్నది జబ్బే.

ఆసుపత్రులు చేయాల్సింది

ఇంటివాళ్లు చేయగలిగింది కొంతే. మిగతాది ఆసుపత్రుల చేతిలో ఉంది. మొదటిది, పొట్టలో నీరున్న మహిళకు మోతాదు లెక్కించేటప్పుడు ఆ నీటి బరువును మినహాయించి చూడాలి, క్రియాటినిన్ మరీ తక్కువగా ఉంటే దాన్ని శుభవార్తగా కాక ప్రశ్నగా తీసుకోవాలి. రెండోది, తీసిన ప్రతి సీటీ స్కాన్ రిపోర్టులో కణితి కొలతల పక్కన కండ కొలత కూడా ఉండాలి. విడతలు గడిచేకొద్దీ అది ఎటు వెళ్తోందో చూడాలి. మూడోది, బాగా చిక్కిపోయాక కాకుండా కీమో మొదలయ్యే రోజే పోషకాహార నిపుణురాలు, ఫిజియోథెరపిస్టు రోగిని చూడాలి.

ఇంకొక పని పరిశోధకులది. కండ తక్కువ అని తేల్చడానికి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న హద్దులు ఎక్కువగా పాశ్చాత్య రోగుల నుంచి వచ్చాయి. ప్రాడో బృందం మహిళలకు చెప్పిన 38.5 అనే సూచీ కెనడా స్థూలకాయుల నుంచి తీసినది. పుట్టుకతోనే కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండే మన మహిళలకు దాన్ని యథాతథంగా అంటగడితే లెక్క తప్పుతుంది. హైదరాబాద్‌లో, విశాఖలో, గుంటూరులో ప్రతిరోజూ తీస్తున్న వేలాది స్కాన్లలో మన మహిళల కండ కొలతలు ఉన్నాయి. వాటిని చదివి మన హద్దులు మనం తేల్చుకుంటే, కీమోకు కూర్చునే ప్రతి స్త్రీకీ ఆమె ఒంటికి తగ్గ మోతాదు, ఆ మోతాదును చివరి విడత దాకా తట్టుకునే బలం రెండూ ఇవ్వగలుగుతాం.